పొడుగక్క పోయింది

సోమవారం పొద్దున్న అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటూ మ్యాట్నీగారు ఆ రోజు కార్యక్రమం ఖాయం చేసుకున్నారు. ఆఫీసుకి వెళ్ళాలి. పెద్దసారు గదిలోకి వెళ్ళి ఒక్క వాక్యం చెప్పాలి. వారం రోజులు సెలవు తీసుకోవాలి. ఎవరి జాలి మొహమూ చూడకుండా ఇంటికి తిరిగి వచ్చేయాలి. అంతే, చిన్న పని. కానీ ఆ ఒక్క వాక్యమే గొంతు దాటి రానంటోంది.

ఆ వాక్యం ఇది: మా అక్క చనిపోయింది.

'మా అక్క' వరకూ బాగానే వస్తోంది. ఆ తర్వాతి మాట దగ్గర నాలుక మొరాయిస్తోంది. మొహాన సబ్బు నురగ ఆరిపోయేదాకా ప్రయత్నించి, చివరికి ఆ మాటను కాస్త మెత్తబరుచుకున్నారు. 'చని' తీసేస్తే 'పోయింది' మిగిలింది. అది నోట పట్టింది. 'మా అక్క' అన్నప్పుడల్లా కళ్ళు తడుస్తున్నాయని, దాని బదులు ఇంట్లో పిలిచే పేరే పెట్టుకున్నారు. పొడుగక్క పోయింది. ఇలా అయితే చెప్పగలననుకున్నారు. చెప్పారు కూడా. గొడవంతా అక్కడే వచ్చింది.

మ్యాట్నీగారు నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల గుమాస్తా. శనివారం వస్తే మ్యాట్నీ చూడకుండా ఉండరు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు ఆయనకే గుర్తుందో లేదో. ఆఫీసులో ఆయన రెండు విషయాలకు ప్రసిద్ధి. ఏటా ఆఖరి పనిరోజున భోజనాల బల్ల దగ్గర నిలబడి, ఆ ఏడాది తనకు బాగా నచ్చిన సినిమా ఏదో, అస్సలు నచ్చనిది ఏదో ప్రకటిస్తారు. దాని కోసం ఆఫీసంతా క్యారేజీలు మూసి మరీ ఎదురుచూస్తుంది. ఆయన బాగుందన్న సినిమాకి కుటుంబాలతో సహా వెళ్తారు. బాగోలేదన్నదాని పోస్టరు కూడా చూడరు.

రెండోది 'పోయింది' అనే మాట మీద ఆయన సాగించిన యుద్ధం. జనం ఫోన్ చేసి "నీళ్ళు పోయాయండీ" అంటారు. కుళాయిలో నీళ్ళు రావడం ఆగిపోయిందనా, గొట్టం పగిలి వీధంతా నీళ్ళు పోతున్నాయనా? ఒకసారి ఆ తేడా తెలియక, చుక్క నీరు లేక ఎండిపోయిన వీధికి మనవాళ్ళు నీళ్ళు తోడే యంత్రం పట్టుకెళ్ళారు. ఆ వీధి ఆడవాళ్ళు వాళ్ళకి ఏ మర్యాద చేశారో ఇక్కడ చెప్పను. ఆ రోజు నుంచి మ్యాట్నీగారు నియమం పెట్టారు. ఎవరు 'పోయింది' అన్నా, ఏం పోయింది, ఎప్పటినుంచి, ఎక్కడ అని మూడు ప్రశ్నలు అడిగి తీరాలి. ఆ మూడింటినీ పెద్ద అక్షరాలతో రాసి ఫోను బల్లకి అతికించారు. మాటలో తప్పు సహించరు, రాతలో తప్పు కంట పడితే ఎర్ర పెన్ను తీయకుండా ఉండలేరు. అలాంటి మనిషి నోటే ఆ మాట వచ్చింది.

ఇక అక్క సంగతి. ఆవిడ బాగా పొట్టి. అలమరలో పై అరకి చెయ్యి అందక, ముక్కాలిపీట ఒకటి వెంటేసుకుని ఇల్లంతా తిరిగేది. చిన్నప్పుడు తమ్ముడు వెక్కిరింపుగా పెట్టిన పేరు పొడుగక్క. బడిపిల్లల యూనిఫారాలు కుట్టి తమ్ముణ్ణి చదివించింది. ఆవిడా పెళ్ళి చేసుకోలేదు, ఆయనా చేసుకోలేదు. ఆఫీసులో ఆయన "మా ఇంట్లో ఇలా అన్నారు, మా ఇంట్లో అలా అన్నారు" అంటుంటే అందరూ అది భార్యనుకున్నారు. మన భాషలో మగవాడు 'మా ఇంట్లో' అంటే ఇంకెవరు? ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

సినిమాల మీద తీర్పులు కూడా నిజానికి ఆవిడవే. వారమంతా మిషను తొక్కిన మనిషి కదా, శనివారం హాల్లో చల్లగా కూర్చోగానే కన్ను మూతపడేది. అదేమిటే అంటే దానికో సిద్ధాంతం చెప్పేది. "మంచి సినిమా అయితే తెర మీదవాళ్ళే అంతా చూసుకుంటార్రా. ఇంక నేను మేలుకుని కాపలా కాయడమెందుకు?" చెత్త సినిమా అయితే చివరిదాకా నిటారుగా కూర్చుని కంగారుపడేది. అక్క ఎంత గాఢంగా నిద్రపోతే సినిమా అంత గొప్పదని మ్యాట్నీగారి లెక్క. ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు, ఈ ఏడాది దాకా.

ఈ ఏడాది చివర్లో 'పొడుగక్క' అనే సినిమా వచ్చింది. వీధిలో అందరి ఇళ్ళల్లో బల్బులు మార్చిపెట్టే ఆరడుగుల ఆడమనిషి కథ. పోస్టరు చూసి అక్క రోడ్డు మీదే నవ్వు ఆపుకోలేకపోయింది. తన సినిమా వచ్చిందంటూ ఇస్త్రీ చీర కట్టుకుని బయల్దేరింది. తెర మీద పేర్లు పూర్తికాకముందే తల వాల్చేసింది. ఇంత గాఢంగా నిద్రపోవడం తమ్ముడు ఎప్పుడూ చూడలేదు. ఈ ఏడాదికి ఇదే మంచి సినిమా అని చీకట్లోనే తేల్చేసుకున్నారు. ఇంటర్వెల్లో లేపితే ఆవిడ లేవలేకపోయింది. ఊపిరి అందడం లేదు. బయటికి తీసుకొస్తుంటే చెయ్యి పట్టుకుని, "మిగతా సగం తర్వాత చూద్దాం. నేను లేకుండా చూసేవు సుమా" అంది. చూడనని మాట ఇచ్చారు. అది నిద్ర కాదని, గుండె అలిసిపోయి వచ్చిన మగత అని ఆస్పత్రిలో డాక్టరు చెప్పాడు. తమ్ముడు ఆఫీసులో ఎవరికీ చెప్పకుండా రాత్రిళ్ళు ఆస్పత్రిలో గడిపారు. వారం తిరక్కుండానే, శుక్రవారం సాయంత్రం ఆవిడ వెళ్ళిపోయింది. ఇరుగుపొరుగు నలుగురూ సాయం వచ్చారు, అన్నీ జరిగిపోయాయి. ఇప్పుడు మ్యాట్నీగారికి కావలసింది ఒకటే. సెలవు పెట్టి, అదే హాల్లో, అదే సీట్లో కూర్చుని, ఆవిడ పక్కనే ఉందనుకుని మిగిలిన సగం చూడాలి. లేకపోతే ఆ శనివారం ఆయనకు అయిపోదు.

ఆఫీసు గుమ్మంలోనే వాల్వు ఎదురయ్యాడు. గొట్టాల మరమ్మతు మేస్త్రీ. నోరు తెరిస్తే మళ్ళీ మూయడం ఎవరి తరమూ కాదు కాబట్టి ఆ పేరు. పెద్దసారు దాకా ఆగాలనుకున్న వాక్యం మ్యాట్నీగారి నోట్లోంచి అక్కడే జారిపోయింది.

"పొడుగక్క పోయింది."

"నేను మొదటి రోజే అనుకున్నా గురూ," అన్నాడు వాల్వు. "మొహం చూస్తేనే తెలిసిపోయింది, ఎక్కువ రోజులు ఉండదని."

వాల్వు ఎప్పుడో హాలు దగ్గర తమని చూసి ఉంటాడని మ్యాట్నీగారు అనుకున్నారు. ఎవరో దారినపోయే మేస్త్రీకి అక్క మొహంలో కనపడింది, పక్కనే కూర్చున్న తనకి కనపడలేదు. ఆ మాట ఆయనకి బాగా గుచ్చుకుంది. లోపలికి నడిచారు. వాల్వు వెనకాలే వచ్చి ఫోనమ్మకి వార్త అందించాడు.

ఫోనమ్మ ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చునే అమ్మాయి. మ్యాట్నీగారిని బాబాయిగారూ అంటుంది. ఆదివారమే మొగుడితో వెళ్ళి ఆ సినిమా చూసి, రెండు రుమాళ్ళు తడిపి వచ్చింది. అందుకని ఆమెకి ఈ వార్త అసలు నచ్చలేదు.

"పోయిందని ఎవరన్నారండీ? నిన్న సాయంత్రం నేను చూశాను. నిక్షేపంగా ఉంది."

మ్యాట్నీగారు బల్ల అంచు పట్టుకున్నారు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆయన ఆమె మాట నమ్మారు. ఎక్కడో పొరపాటు జరిగిందని, అక్క బజార్లో దారం రీళ్ళు కొనుక్కుంటోందని అనిపించింది. తర్వాత ఆస్పత్రి మంచం గుర్తొచ్చింది. ఈ పిల్ల తనని ఓదార్చబోయి ఏదో అంటోందని సరిపెట్టుకుని పెద్దసారు గదిలోకి వెళ్ళారు. అప్పటికే వాల్వు ధర్మమా అని వార్త ఆ గదిలోకీ వెళ్ళింది.

"పొడుగక్క పోయిందటగా. ఏమైందయ్యా అసలు?" అన్నారు పెద్దసారు.

"గుండె అండి."

"నేనూ అదే అన్నాను మా ఆవిడతో. అన్నీ ఉన్నాయి, గుండె లేదు."

"లేకపోవడం కాదండి, పెద్దదైపోయింది. డాక్టరు చెప్పాడు."

"ఆ డాక్టరు సీను ఒకటి. అంతసేపు సాగదీయడమెందుకయ్యా? ఆస్పత్రిలో చేర్చగానే తేల్చిపారేస్తే అందరికీ హాయిగా ఉండేది."

మ్యాట్నీగారు ఆయన మొహంలోకి చూశారు. పెద్దసారు చెడ్డవారు కాదు. కొందరికి చావు గురించి మాట్లాడటం చేతకాదు, పాపం ఏదో అంటారు, అనుకున్నారు. ఆ సినిమా రెండో సగంలో ఆస్పత్రి సీను ఉందన్న సంగతి, మొదటి సగమే చూసిన మ్యాట్నీగారికేం తెలుసు? వారం రోజులు సెలవు కావాలన్నారు.

పెద్దసారు నవ్వి లేచి వచ్చి భుజం మీద చెయ్యేశారు. "దీనికి సెలవేమిటయ్యా. ఇదొకటి పోతే ఇంకోటి వస్తుంది. రెండో భాగం కూడా తీస్తారట."

అప్పుడు అర్థమైంది. పొద్దుటి నుంచీ అందరూ ఏం మాట్లాడుతున్నారో ఒక్కసారిగా అర్థమైంది. నోరు తెరిచారు. పెద్దసారు చెయ్యి ఇంకా భుజం మీదే ఉంది, మొహం నిండా నవ్వుంది. ఇప్పుడు నిజం చెబితే ఈ మనిషి మళ్ళీ తన కళ్ళలోకి చూడలేడు. గుమ్మంలో వాల్వూ, ఫోను దగ్గర ఫోనమ్మా కూడా అంతే. మ్యాట్నీగారు నోరు మూసుకుని, తన కుర్చీలో కూర్చుని, సాయంత్రం దాకా ఎవరెవరి కుళాయిల గురించో రాస్తూ ఉండిపోయారు. మంచితనం అనుకోండి, చేతకానితనం అనుకోండి. నాకైతే ఆ పూట తలుచుకుంటే ఆయన మీద కోపమూ వస్తుంది, ఏడుపూ వస్తుంది.

ఈలోగా వాల్వు ఊరుకున్నాడా? ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు: "మ్యాట్నీగారి తీర్పు ఈసారి ముందే వచ్చేసింది. పొడుగక్క పోయింది." అది గ్రూపులోంచి ఇళ్ళల్లోకి, ఇళ్ళల్లోంచి బడిపిల్లల తల్లుల గ్రూపుల్లోకి, అక్కడినుంచి ఇంకెక్కడికో వెళ్ళింది. ఒట్టి చేతులతో వెళ్ళలేదు, ఒక్కో మజిలీలో ఒక్కో ముక్క తగిలించుకుంది. ఆయన సగంలో లేచి వచ్చేశాడట అన్నారు. హాల్లో ఒకావిడకి ఊపిరి ఆడలేదట అన్నారు. ఆవిణ్ణి మోసుకుని ఆస్పత్రికి పరిగెత్తారట అన్నారు. పుకారు ఎంత పెరిగితే నిజానికి అంత దగ్గరవుతోందని ఒక్క మ్యాట్నీగారికే తెలుసు. మంగళవారం పొద్దున్న ఫిర్యాదుల ఫోనుకి ఎవరో చేసి "పొడుగక్క పోయిందటగా" అంటే, ఫోనమ్మ అలవాటు కొద్దీ "ఎప్పటినుంచండీ? ఎక్కడ?" అని అడిగి నాలిక్కరుచుకుంది.

ఆ మధ్యాహ్నం హాలు మేనేజరు ఆఫీసుకి వచ్చాడు. ఫోనమ్మకి బావగారు, మొగుడి అన్న. పొద్దుటి ఆటకి హాల్లో మనుషులకంటే పంకాలు ఎక్కువగా ఉన్నాయట. ఆయన మొహం చూసి ఫోనమ్మ లేచి నిలబడింది. ఆయన నేరుగా మ్యాట్నీగారి బల్ల దగ్గరికే నడిచాడు.

"మీ ఒక్క మాటకి నా హాలు ఖాళీ అయిపోయింది. గురువారం నుంచి ఆ సినిమా తీసేస్తున్నాను. మీకు సంతోషమేనా?"

మ్యాట్నీగారి చేతిలో పెన్ను ఆగింది. "తీసేయకండి. నేనింకా చూడలేదు."

"చూడకుండానే పోయిందన్నారా?" అన్నాడు మేనేజరు.

"సగం చూశానండి."

"సగం చూసి పోయిందని ఎలా అన్నారు?"

"సగంలోనే మొదలైంది," అన్నారు మ్యాట్నీగారు, చాలా నెమ్మదిగా.

"ఇంతకీ పోయిందా, పోలేదా? ఆ ఒక్క ముక్కా చెప్పండి."

పోలేదంటే సినిమా ఉంటుంది. రెండో సగం ఉంటుంది. అక్క 'తర్వాత చూద్దాం' అన్న మాట ఉంటుంది. ఆ చిన్న అబద్ధం ఆడేస్తే సరిపోయేది. కానీ శుక్రవారం నుంచి ఆయన్ని ఆ ప్రశ్న నేరుగా అడిగింది ఈ మేనేజరు ఒక్కడే. "పోయింది" అన్నారు మ్యాట్నీగారు. క్యారేజీ తీసుకుని, పట్టపగలు, ఎవరికీ చెప్పకుండా ఇంటికి వెళ్ళిపోయారు.

ఆయన వెనక ఆఫీసులో పెద్ద దుమారమే రేగింది. సినిమా పూర్తిగా చూడకుండా తీర్పు చెప్పాడు అన్నదే అందరి బాధ. ఇన్నేళ్ళూ ఆయన మాట మీద పిల్లల్ని సినిమాలకి తీసుకెళ్ళానే అని వాల్వు వాపోయాడు. ఇక ఆఖరి రోజు ప్రకటన లేదు, ఏమీ లేదు అని పెద్దసారు తేల్చేశారు. బావగారి ముందు తన మొహం ఎక్కడ పెట్టుకోవాలో ఫోనమ్మకి తోచలేదు. బాబాయిగారి మీద పీకలదాకా కోపం వచ్చింది.

ఆ కోపం బుధవారం పొద్దుటికి కూడా చల్లారలేదు. ఫోను మోగింది.

"ఫోనమ్మా, నేను. ఇవాళ రాలేను. పెద్దసారుకి చెప్పు. పొడుగక్క పోయింది."

మళ్ళీ అదే మాట. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఏదో ఒకటి గట్టిగా అనేయాలనుకుంది కానీ మాట దొరకలేదు. కళ్ళు బల్ల మీద అతికించిన కాగితం మీద పడ్డాయి. అవి రాసింది ఆయనే. సరే, ఆయన్నే అడుగుదాం అనుకుని కావాలనే ఆఫీసు గొంతు పెట్టింది.

"ఏం పోయిందండీ?"

"మా అక్క."

"ఎప్పటినుంచి?" అంది ఫోనమ్మ. అలవాటు మీద నోరు ముందుకెళ్ళింది, అర్థం ఇంకా వెనకే ఉంది.

"శుక్రవారం సాయంత్రం నుంచి."

ఆమె చెయ్యి ఆ రెండు జవాబులూ రాసేసింది. రాసినదాన్ని చూసుకుంది. మూడో ప్రశ్న మాత్రం ఆఫీసు గొంతుతో రాలేదు. "ఎక్కడ?"

"అదే తెలియడం లేదమ్మా. పక్క గదిలో ఉన్నట్టే ఉంటుంది. వెళ్ళి చూస్తే ఉండదు," అన్నారు మ్యాట్నీగారు. ఆ తర్వాత ఏడ్చారు. శుక్రవారం నుంచి అదే మొదటిసారి. ఫోనమ్మ పెట్టేయకుండా అలాగే పట్టుకుని కూర్చుంది. రెండో ఫోను మోగి మోగి ఊరుకుంది.

పెద్దసారుకి చెప్పినప్పుడు ఆయన కుళాయి దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చారు. "సాగదీయడమెందుకు అన్నాను. దీనికి సెలవేమిటయ్యా అని కూడా అన్నాను," అన్నారు ఎవరితోనూ కాకుండా. వాల్వు మొహం చూస్తే అన్నీ గుర్తొస్తున్నట్టే ఉంది. నోరు మాత్రం పెగల్లేదు. ఫోనమ్మ బావగారికి ఫోన్ చేసింది. ఆయన ముందు ఎన్నడూ గొంతు పెంచి ఎరగని పిల్ల, ఆ రోజు ఒక్క గుక్కలో చెప్పాల్సిందంతా చెప్పింది.

నలుగురూ కలిసి ఆయన ఇంటికి వెళ్ళారు. చిన్న ముందుగది. కిటికీ దగ్గర కుట్టుమిషను, దాని సూది కింద ఒక చెయ్యి మాత్రమే కుట్టిన బడిపిల్ల చొక్కా. పక్కన ముక్కాలిపీట. పెద్దసారు క్షమించమని అడగాలనుకుని వచ్చారు కానీ నోట వచ్చింది వేరు.

"ఆవిడ బాగా పొడుగ్గా ఉండేవారా?"

"లేదండి," అన్నారు మ్యాట్నీగారు. "ఆ పీట ఆవిడదే." అని ఆ పీటకేసి చూసి కాస్త నవ్వారు. తర్వాత అన్నీ చెప్పుకొచ్చారు, నిద్ర సిద్ధాంతం దగ్గర్నుంచి ఇంటర్వెల్లో ఇచ్చిన మాట దాకా. మేనేజరు తల ఎత్తకుండా విన్నాడు. సినిమా రేపటికి తీసేసినా ఇవాళ్టి మ్యాట్నీ ఉందన్నాడు. ఇంటర్వెల్ నుంచే వేయిస్తానన్నాడు.

ఆ మధ్యాహ్నం హాల్లో నీటి సరఫరా ఆఫీసు తప్ప ఎవరూ లేరు. మ్యాట్నీగారు తన సీట్లో కూర్చుని, పక్క సీట్లో అక్క కళ్ళజోడు పెట్టారు. మిగతావాళ్ళు వెనక వరసలో సర్దుకున్నారు. తెర వెలిగింది. ఆరడుగుల ఆవిడ నిచ్చెన అక్కర్లేకుండా బల్బు మారుస్తోంది. కాసేపటికి మ్యాట్నీగారి తల మెల్లగా పక్కకి వాలింది. శుక్రవారం నుంచి కన్ను మూయని మనిషి. లేపుదామని వాల్వు ముందుకి వంగితే ఫోనమ్మ అతని చెయ్యి పట్టుకుని ఆపింది. అయితే ఆయన ఊపిరి సరిగ్గా ఆడుతోందా లేదా అని చివరిదాకా చెవులు అటే పెట్టి కూర్చుంది. ఆస్పత్రి సీనులో పెద్దసారు కళ్ళు తుడుచుకున్నారు. అది ఇంకాస్త సాగినా బాగుండేదన్నారు.

దీపాలు వెలిగాక మేనేజరు వచ్చి చూసి చిన్నబోయాడు. "నిద్రపోయారా? అంత బాగోలేదా?"

"మరిచిపోయారా బావగారూ," అంది ఫోనమ్మ. "నిద్రపోతే బాగున్నట్టు లెక్క."

ఏడాది ఆఖరి పనిరోజున, ఎవరూ అడగకపోయినా, మ్యాట్నీగారు భోజనాల బల్ల దగ్గర లేచి నిలబడ్డారు. క్యారేజీల చప్పుడు ఆగింది.

"ఈ ఏడాది నాకు బాగా నచ్చింది 'పొడుగక్క' మొదటి సగం. మా అక్క అంత హాయిగా నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు." ఆగి, మంచినీళ్ళు తాగారు. "అస్సలు నచ్చనిదీ ఆ సగమే. అది నిద్ర కాదు. రెండో సగం గురించి నేనేమీ చెప్పలేను. మీరే చూసి నాకు చెప్పండి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఫోనమ్మ లేచి ఆయన గ్లాసులో మళ్ళీ నీళ్ళు పోసింది. ఇంతకాలం మూగనోము పట్టిన వాల్వు మాత్రం ఒక మూలకి వెళ్ళి, తను చేసిన పాడుపని తనే సరిచేయాలని, అదే గ్రూపులో ఇంకో ముక్క పెట్టాడు: "సవరణ. పొడుగక్క పోలేదు." అదీ మొదటి ముక్క తిరిగిన ఇళ్ళన్నీ తిరిగింది. శనివారం నుంచి ఆ సినిమాని మేనేజరు మళ్ళీ వేశాడు, హాలు నిండింది.

ఆ ప్రకటన రోజు సాయంత్రమే మ్యాట్నీగారు ఇంట్లో మిషను పక్కన కూర్చుని ఫోను తెరిచి ఆ ముక్క చూశారు. 'పొడుగక్క పోలేదు' అన్న ఆ రెండు మాటల్నీ మళ్ళీ మళ్ళీ చదివారు. రాతలో తప్పు కంట పడితే దిద్దకుండా ఉండలేని మనిషి, దాన్ని మాత్రం అలాగే వదిలేశారు.